స్కానర్ ఫోన్‌కు దొరకకపోతే ఎక్కడ వెతకాలి

హనుమకొండలో రిజిస్ట్రేషన్ పనుల మీద వచ్చేవారికి దస్తావేజులు స్కాన్ చేసి ఇవ్వడం నా రోజువారీ పని. పట్టాదారు పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు నకలు, వారసుల ఆధార్ కార్డులు, ఇవన్నీ ఒక చిన్న వైర్‌లెస్ స్కానర్‌లో పెట్టి నేరుగా మొబైల్‌లోకి తీసుకుని, పీడీఎఫ్ చేసి పార్టీ వాట్సాప్‌కు పంపితే పని పూర్తవుతుంది. యంత్రం మాట వింటే ఒక్కో దస్తావేజుకు ఐదు నిమిషాలు చాలు. వినని రోజున అరపూట గడిచినా ఒక్క పేజీ రాదు. అటువంటి రోజుల్లో తెలిసిన దుకాణాల నుంచి నాకు వచ్చే ఫోన్ దాదాపు ఒకే మాటతో మొదలవుతుంది: "అన్నా, వైఫై కనెక్ట్ అయింది గని స్కానర్ దొరుకుతలేదు."

సగం జవాబు ఆ మాటలోనే ఉంది. వైఫై కనెక్ట్ అయిందంటే ఫోన్ ఏదో ఒక నెట్‌వర్క్‌లో చేరిందని మాత్రమే అర్థం. స్కానర్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉందని గాని, ఆ నెట్‌వర్క్ రెండింటినీ ఒకదానితో ఒకటి మాట్లాడనిస్తున్నదని గాని, స్కానింగ్ యాప్‌కు ఆ మాట వినే అనుమతి ఉందని గాని దాని వల్ల తేలదు. ఇక్కడ మూడు ముళ్లు ఉన్నాయి. స్కానర్‌కూ నెట్‌వర్క్‌కూ మధ్య ఒకటి, నెట్‌వర్క్‌కూ ఫోన్‌కూ మధ్య రెండవది, ఫోన్‌కూ యాప్‌కూ మధ్య మూడవది. ఊడినది ఏదో తేల్చుకోకుండా సెట్టింగ్స్ మార్చడం మొదలుపెడితే బాగున్న ముళ్లు కూడా ఊడిపోతాయి. నేను చూసినంతలో అందరూ మొదట అనుమానించేది స్కానర్‌ను, చివరకు తప్పు బయటపడేది ఎక్కువగా ఫోన్‌లో.

ముందుగా చేతితో చూడవలసినవి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు స్కానర్‌కు యూఎస్‌బీ తీగ తగిలించి ఉందేమో చూడండి. చాలా స్కానర్లు కంప్యూటర్‌కు తీగతో కలిపి ఉన్నంతసేపు ఆ తీగకే ప్రాధాన్యం ఇస్తాయి, అందువల్ల వైఫై దీపం వెలుగుతున్నా ఫోన్‌కు జవాబు చెప్పవు. చార్జింగ్ కోసమని కంప్యూటర్‌కు గుచ్చి ఆ సంగతి మరచిపోవడం దుకాణాల్లో నిత్యం జరిగేదే. చార్జింగ్ అవసరమైతే గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టర్ వాడాలి. కొన్ని చిన్న స్కానర్లకు వెనుకనో పక్కననో వైఫై కోసం వేరే స్విచ్ ఉంటుంది. సంచిలో పెట్టి తీసేటప్పుడు అది జరిగిపోతుంది, ఎవరూ గమనించరు.

తరువాత దీపం రంగు. ఏ రంగుకు ఏ అర్థమన్నది ఒక్కో తయారీకి ఒక్కో విధంగా ఉంటుంది కనుక మీ స్కానర్ పుస్తకంలో ఆ ఒక్క పేజీ వెతికి ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది. నెట్‌వర్క్ కోసం వెతుకుతున్న స్థితి ఏది, చేరిన స్థితి ఏది అన్న రెండు సంగతులు తెలిస్తే మొదటి ముడి గట్టిగా ఉందో లేదో చూడగానే చెప్పవచ్చు. బ్యాటరీతో నడిచే స్కానర్ కొద్దిసేపు పని లేకపోతే తనంతట తానే ఆగిపోతుంది. దాన్ని నిద్ర లేపకుండా ఫోన్‌లో ఎంతసేపు వెతికినా ప్రయోజనం ఉండదు.

ఈ దశలో అసలు దస్తావేజును స్కానర్‌లో పెట్టవద్దు. ఖాళీ తెల్లకాగితంతోనే పరీక్షించాలి. కనెక్షన్ మధ్యలో తెగితే కాగితం సగం లోపల, సగం బయట ఆగిపోతుంది. సేత్వార్ అనే నిజాం కాలపు ఉర్దూ భూమి రికార్డు నకలు అలా ఇరుక్కుంటే దాన్ని లాగే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒకవేళ ఇరుక్కుంటే లాగకుండా స్కానర్ మూత తెరిచి రోలర్ పట్టు వదిలిన తరువాతే తీయాలి.

రెండు దారులు, వాటిని కలపకూడదు

వైర్‌లెస్ స్కానర్ ఫోన్‌ను రెండు దారుల్లో చేరుకుంటుంది. మొదటి దారిలో స్కానర్ మీ రూటర్‌కు ఒక అతిథిలా వచ్చి చేరుతుంది, ఫోన్ కూడా అదే రూటర్‌లో ఉంటుంది, మాటలన్నీ రూటర్ ద్వారా సాగుతాయి. రెండవ దారిలో రూటర్ ఉండదు. స్కానరే ఒక చిన్న నెట్‌వర్క్‌ను ప్రసారం చేస్తుంది, ఫోన్ వెళ్లి అందులో చేరుతుంది. దీనిని డైరెక్ట్ కనెక్షన్ అని, కొన్ని యంత్రాల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని పిలుస్తారు. స్కానర్ ప్రసారం చేసే నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా యంత్రం అడుగున అంటించిన చీటీ మీద ఉంటాయి.

ఎక్కువ గందరగోళం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుడుతుంది. స్కానర్ డైరెక్ట్ మోడ్‌లో ఉంటే, ఫోన్ ఇంటి రూటర్‌లో ఉంటుంది. లేదా ఫోన్ స్కానర్ నెట్‌వర్క్‌లో చేరి ఉంటే, నిన్న ఎవరో బటన్ నొక్కి స్కానర్‌ను రూటర్ దారికి మార్చి ఉంటారు. ఎదుటివారు ఫోన్ చేసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "తమ్మీ, నీ ఫోన్‌ల ఇప్పుడు వైఫై పేరు ఏమున్నది, చదువు." వారు చదివిన పేరు స్కానర్ చీటీ మీది పేరైతే డైరెక్ట్ దారి, దుకాణం రూటర్ పేరైతే మొదటి దారి. స్కానర్ కూడా అదే దారిలో ఉందా అన్నది ఆ తరువాతి ప్రశ్న. దుకాణంలో స్థిరంగా ఉండే స్కానర్‌కు రూటర్ దారి, ఊళ్లు తిరిగే స్కానర్‌కు డైరెక్ట్ దారి నియమంగా పెట్టుకుని మార్చకుండా ఉంటే నాకు వచ్చే ఫోన్ కాల్స్ సగం తగ్గిపోతాయి.

డైరెక్ట్ దారిలో ఫోన్ చేసే మోసం

ఒకసారి హసన్‌పర్తి దగ్గర ఒక ఇంట్లో భాగపంపిణీ దస్తావేజు పని పడింది. నలుగురు అన్నదమ్ములు, వారి పెద్దమ్మ, సాక్షులు అందరూ మంచాల మీద కూర్చుని ఉన్నారు. స్కానర్ పెట్టి డైరెక్ట్ మోడ్‌లో ఫోన్ కలిపాను. పైన వైఫై గుర్తు వచ్చింది. యాప్ తెరిచేసరికి స్కానర్ లేదని చెప్పింది. మళ్లీ కలిపాను, మళ్లీ అదే. మూడవసారి కలిపినప్పుడు ఫోన్ తెర నుంచి కన్ను తీయకుండా చూశాను. వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం వచ్చింది, కొన్ని క్షణాల తరువాత గుర్తే మాయమైంది, దాని స్థానంలో 4జీ అక్షరాలు నిలబడ్డాయి. పెద్దమ్మ మాత్రం "ఏంది బిడ్డా, ఇంకెంతసేపు" అని అడుగుతూనే ఉంది.

జరిగింది ఇది. స్కానర్ ప్రసారం చేసే నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఫోన్ మాత్రం వైఫైలో చేరగానే బయట ప్రపంచం దొరుకుతున్నదా అని పరీక్షిస్తుంది. దొరకకపోతే యజమానికి మేలు చేస్తున్నాననుకుని మొబైల్ డేటాకు మారిపోతుంది. అప్పుడు యాప్ పంపే పిలుపు స్కానర్‌కు చేరకుండా టవర్ వైపు వెళ్లిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చేరిన కొద్ది క్షణాలకు ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఇందులోనే ఉండాలా అని అడిగే నోటిఫికేషన్ ఒకటి వస్తుంది. దాన్ని పక్కకు తోసేయకుండా తెరిచి, ఉండమని చెప్పి, ఈ నెట్‌వర్క్ కోసం మళ్లీ అడగవద్దన్న గడిలో కూడా టిక్ పెట్టాలి. ఆ నోటిఫికేషన్ రాకపోతే మరింత సులువైన ఉపాయం ఉంది. స్కాన్ చేసే ఆ పది నిమిషాలు మొబైల్ డేటా ఆపివేయడం. వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే తనంతట తానే డేటాకు మారే సౌకర్యం కొన్ని ఫోన్ల వైఫై సెట్టింగ్స్‌లో వేరేగా ఉంటుంది, దాన్ని కూడా ఆపాలి. ఆ రోజు మొబైల్ డేటా ఆపిన వెంటనే స్కానర్ పేరు తెర మీదకు వచ్చింది, పని గంటలోపు ముగిసింది.

పని అయ్యాక స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపాలంటే మళ్లీ ఇంటర్నెట్ కావాలి. స్కానర్ నెట్‌వర్క్‌లోనే ఉండి పంపడానికి ప్రయత్నించి, ఇప్పుడు నెట్ పోయిందని కంగారు పడేవారు ఉన్నారు. స్కానర్‌ను ఆపి, మొబైల్ డేటా ఆపివేసి ఉంటే దాన్ని మళ్లీ ఆన్ చేస్తే చాలు, ఫోన్ తన పాత నెట్‌వర్క్‌కు తిరిగి వెళ్తుంది. దుకాణంలో ఫోన్ పదేపదే స్కానర్ నెట్‌వర్క్‌కే అంటుకుంటుంటే, ఆ నెట్‌వర్క్‌కు తనంతట తానే కలిసే సౌకర్యాన్ని ఆపివేయండి.

రూటర్ దారిలో వచ్చే చిక్కులు

ఇక్కడ విషయం కొంచెం లోతుగా ఉంటుంది. ఇప్పుడు ఇళ్లకు ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే రూటర్లు చాలావరకు రెండు బ్యాండ్లలో ప్రసారం చేస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. స్కానర్లలో, ముఖ్యంగా పాతవాటిలో, చాలా యంత్రాలకు 2.4 మాత్రమే తెలుసు. రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు ఉంటే, 5 అన్న అంకెతో ముగిసే పేరు స్కానర్ జాబితాలో కనబడనే కనబడదు. దానికి యంత్రం చెడిపోయిందని అనుకోవలసిన పని లేదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి రూటరే బ్యాండ్ ఎంపిక చేసే పద్ధతి ఉంటే, స్కానర్‌ను మొదటిసారి చేర్చేటప్పుడు మాత్రం కొద్దిసేపు 5 గిగాహెర్ట్జ్ ప్రసారాన్ని ఆపి, చేరిన తరువాత మళ్లీ తెరవవచ్చు. ఫోన్ 5లో, స్కానర్ 2.4లో ఉన్నా, రెండూ ఒకే రూటర్‌వైతే సాధారణంగా ఒకదానికొకటి దొరుకుతాయి. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉండి తీరాలన్న మాట నిజం కాదు.

రెండవది భద్రతా పద్ధతి. డబ్ల్యూపీఏ3 అన్న కొత్త పద్ధతి 2018లో వచ్చింది. అంతకు ముందు తయారైన స్కానర్ దాన్ని అర్థం చేసుకోలేదు. రూటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా స్కానర్ చేరదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న ఎంపికను, అది కూడా కుదరకపోతే డబ్ల్యూపీఏ2ను ఎంచుకోవాలి. రూటర్ మీదా స్కానర్ మీదా ఉండే డబ్ల్యూపీఎస్ బటన్‌తో కలిపేవారు ఒక బటన్ నొక్కిన తరువాత రెండు నిమిషాల్లోపు రెండవది నొక్కాలన్నది గుర్తుంచుకోవాలి. డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉన్న రూటర్‌లో ఈ బటన్ పద్ధతి పనిచేయదు.

మూడవది పేరు. మన వాళ్లకు రూటర్‌కు తెలుగులో పేరు పెట్టుకోవాలన్న ముచ్చట ఈ మధ్య పెరిగింది, అందులో తప్పు లేదు. అయితే వైఫై పేరుకు గరిష్ఠంగా 32 బైట్ల చోటే ఉంటుంది. ఆంగ్ల అక్షరం ఒక్క బైటుతో సరిపెట్టుకుంటే, తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ఓరుగల్లు అన్న మాటకే ఓ, ర, ఉకారం, గ, ల, పొల్లు, ల, ఉకారం అని లెక్కిస్తే ఎనిమిది గుర్తులు, 24 బైట్లు అవుతాయి. ఫోన్ ఆ పేరును చక్కగా చూపిస్తుంది. స్కానర్‌లోని చిన్న ప్రోగ్రాం మాత్రం దాన్ని పిచ్చిగీతలుగా చూపించవచ్చు, లేదా చేరడానికే నిరాకరించవచ్చు. పేరులోనూ పాస్‌వర్డ్‌లోనూ ఆంగ్ల అక్షరాలు, అంకెలు మాత్రమే ఉంచి ఒకసారి ప్రయత్నించి చూడండి. స్కానర్ కోసమే అయితే ఇంటి నెట్‌వర్క్ పేరు మార్చనవసరం లేదు. చాలా రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండవ పేరు పెట్టుకోనిస్తాయి.

ఆ రెండవ పేరు గెస్ట్ నెట్‌వర్క్ కాకూడదు. గెస్ట్ నెట్‌వర్క్‌లో చేరిన పరికరాలు ఇంటర్నెట్‌ను చేరగలవు గాని ఒకదాన్నొకటి చూడలేవు. అలా చూడనీయకపోవడమే దాని ఉద్దేశం. రూటర్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అన్న సెట్టింగ్ తెరిచి ఉన్నా ఇదే జరుగుతుంది. ఫోన్‌కు నెట్ బాగా వస్తుంది, స్కానర్ దీపం చేరినట్టు చూపుతుంది, యాప్‌లో మాత్రం శూన్యం. లాడ్జిల్లోను, వెబ్‌పేజీలో పేరూ పాస్‌వర్డ్ కొట్టి చేరవలసిన హాస్టల్ వైఫైలలోను స్కానర్ కలపాలని చూడటం వృథా, అక్కడ డైరెక్ట్ దారే శరణ్యం.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోని చిన్న భాగాలను చానళ్లు అంటారు. రూటర్ 12 లేదా 13వ చానల్‌లో ప్రసారం చేస్తుంటే, 11 వరకే వినే విధంగా అమెరికా మార్కెట్ కోసం తయారైన స్కానర్‌కు ఆ నెట్‌వర్క్ ఉనికే తెలియదు. అక్కడి బంధువులు తెచ్చిన యంత్రం అయితే దీన్ని ముందుగా అనుమానించాలి. చానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చితే సరిపోతుంది. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు కనుక, వరుసగా దుకాణాలుండి ఫోన్‌లో పది పదిహేను వైఫై పేర్లు కనబడే నక్కలగుట్ట లాంటి చోట ఇతర కారణాలకు కూడా ఇదే మంచిది.

చిరునామా చూసి నిర్ధారించడం

ఇన్ని అనుమానాలను ఒకేసారి తేల్చే పరీక్ష ఒకటి ఉంది, దీన్ని తెలిసినవారు కూడా ఎక్కువగా వాడరు. రూటర్ సెట్టింగ్స్ పేజీని ఫోన్ బ్రౌజర్‌లో తెరవండి. దాని చిరునామా రూటర్ చీటీ మీద ఉంటుంది, తరచుగా 192.168.1.1 లేదా 192.168.0.1. అందులో కలిసి ఉన్న పరికరాల జాబితాలో స్కానర్ కనబడితే మొదటి ముడి గట్టిగా ఉన్నట్టే. దాని పక్కన ఉన్న ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి ఇంటి నంబరు లాంటిది) రాసుకోండి. మీ ఫోన్ వైఫై వివరాల్లోని ఐపీ చిరునామాతో పోల్చండి. మొదటి మూడు భాగాలూ ఒకటే అయి చివరి అంకె మాత్రమే వేరుగా ఉంటే, సాధారణ ఇంటి రూటర్‌లో, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. మూడవ భాగం కూడా వేరైతే ఇంట్లో రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉండి, ఫోన్ ఒకదాంట్లో, స్కానర్ మరొకదాంట్లో చేరి ఉండవచ్చు. స్కానింగ్ యాప్ స్కానర్‌ను వెతికే పిలుపు ఒక నెట్‌వర్క్ దాటి మరొక నెట్‌వర్క్‌లోకి వెళ్లదు. స్కానర్ చిరునామా 169.254తో మొదలైతే రూటర్ దానికి చిరునామా ఇవ్వలేదని, అదే తనకు తాను ఒకటి పెట్టుకున్నదని అర్థం. అప్పుడు రూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

తరువాత ఫోన్ బ్రౌజర్‌లో స్కానర్ ఐపీ చిరునామా కొట్టండి. అన్ని చిన్న స్కానర్లకూ ఈ సౌకర్యం ఉండదు గాని, ఉన్నవాటిలో స్కానర్ సొంత పేజీ ఒకటి తెరుచుకుంటుంది. అది తెరుచుకుంటే మొదటి రెండు ముళ్లూ బాగున్నాయి, ఇక రూటర్ జోలికి వెళ్లవలసిన పని లేదు. తప్పు ఫోన్‌కూ యాప్‌కూ మధ్య ఉంది.

మూడవ ముడి: అనుమతులు

ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఒక యాప్ ఇంట్లోని ఇతర పరికరాలను వెతకాలంటే లోకల్ నెట్‌వర్క్ అన్న అనుమతి అడిగి తీసుకోవాలి. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. తొందరలో వద్దని నొక్కితే ఆ యాప్ మళ్లీ అడగదు, స్కానర్ దొరకలేదని మాత్రం ప్రతిసారీ చెబుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి, అక్కడ లోకల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఆ యాప్ ఎదుట ఉన్న బటన్ తెరవాలి. సఫారీ బ్రౌజర్‌కు ఈ అనుమతి అవసరం లేదు. అందుకే సఫారీలో స్కానర్ పేజీ తెరుచుకుని యాప్‌లో స్కానర్ కనబడకపోతే అనుమానం నేరుగా దీని మీదికే పోవాలి.

ఆండ్రాయిడ్ 13 నుంచి చుట్టుపక్కల వైఫై పరికరాలకు సంబంధించిన నియర్‌బై డివైసెస్ అన్న అనుమతి ఉంది. అంతకు ముందు ఫోన్లలో ఇదే పనికి లొకేషన్ అనుమతి కావలసి వచ్చేది, అనుమతితో పాటు ఫోన్‌లో లొకేషన్ కూడా తెరిచి ఉండాలి. స్కానర్‌కు నా లొకేషన్ ఎందుకు అని అనుమానించి మూసేసేవారిని తప్పుపట్టలేను, పరిసరాల్లోని వైఫై పేర్లను బట్టి మనిషి ఎక్కడున్నాడో ఊహించవచ్చు కనుక ఆండ్రాయిడ్ ఆ రెండింటినీ ముడిపెట్టింది.

ఫోన్ మాటలను దూరపు సర్వర్ గుండా మళ్లించే వీపీఎన్ యాప్ నడుస్తుంటే, ఫోన్ నుంచి వెళ్లే మాటలన్నీ ఆ సొరంగంలోకి పోయి, పక్క బల్ల మీద ఉన్న స్కానర్‌కు చేరకపోవచ్చు. ప్రకటనలు ఆపే కొన్ని యాప్‌లు కూడా లోపల వీపీఎన్ పద్ధతినే వాడతాయి, కనుక పైన చిన్న తాళంచెవి గుర్తు ఉందేమో చూడాలి. రూటర్‌లో కొన్ని పరికరాలను మాత్రమే అనుమతించే మ్యాక్ ఫిల్టర్ పెట్టినవారికి మరో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 మొదలుకొని ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాకు (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) బదులు నెట్‌వర్క్‌కు ఒకటి చొప్పున కొత్త చిరునామా చూపుతాయి. జాబితాలో అసలు చిరునామా రాసి పెట్టుకున్న రూటర్ ఆ ఫోన్‌ను గుర్తుపట్టదు.

తయారీ కంపెనీ యాప్ ఎంతకూ మాట వినకపోతే, ఆండ్రాయిడ్‌లో మోప్రియా స్కాన్ అన్న ఉచిత యాప్‌తో ఒకసారి ప్రయత్నించవచ్చు. మోప్రియా లేదా ఎయిర్‌స్కాన్ పద్ధతి తెలిసిన స్కానర్ అయితే అందులో కనబడుతుంది, కనబడితే కంపెనీ యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడమే మిగిలిన పని. పాత యంత్రం విషయంలో, కంపెనీ ఈ మధ్య కొత్త యాప్ తెచ్చి పాతదాన్ని పక్కన పెట్టిందేమో కూడా చూసుకోవాలి. ఫుజిట్సు పేరుతో అమ్ముడైన స్కానర్లు 2023 నుంచి రికో పేరుతో వస్తున్నాయి, పాత పేరుతో వెతికేవారికి సరైన యాప్ వెంటనే తట్టకపోవచ్చు.

కరెంటు పోయి వచ్చాక

ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన తరువాత స్కానర్ దొరకకపోవడం వేరే కథ. నిన్నటి దాకా పనిచేసింది, ఎవరూ ఏమీ మార్చలేదు, అయినా కనబడదు. దీనికి రెండు కారణాలు. రూటర్ పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, స్కానర్ అంతకంటే ముందే లేచి, నెట్‌వర్క్ దొరకక ప్రయత్నం మానేస్తుంది. రూటర్ దీపాలు నిలకడగా వెలిగిన తరువాత స్కానర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. రెండవ కారణం చిరునామా మారడం. రూటర్ మళ్లీ లేచినప్పుడు స్కానర్‌కు నిన్నటి ఐపీ చిరునామా కాకుండా కొత్తది ఇవ్వవచ్చు, యాప్ మాత్రం పాత చిరునామాకే తలుపు కొడుతూ ఉంటుంది. యాప్‌లో స్కానర్‌ను తొలగించి మళ్లీ చేర్చాలి. ప్రతిసారీ ఈ బాధ పడలేకపోతే, రూటర్ సెట్టింగ్స్‌లో స్కానర్ మ్యాక్ చిరునామాకు ఒక ఐపీని శాశ్వతంగా కేటాయించవచ్చు. రూటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టినా ఈ సమస్య చాలావరకు పోతుంది.

హాట్‌స్పాట్‌తో నడపాలంటే

రూటర్ లేని ఊళ్లో డైరెక్ట్ మోడ్ కుదరకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు స్కానర్‌ను కలపవచ్చు. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే స్కానర్‌కు దొరకదు. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చాలి. ఐఫోన్ 12, ఆ తరువాతి ఫోన్లలో మాక్సిమైజ్ కంపాటిబిలిటీ అన్న బటన్ తెరిస్తే అదే పని జరుగుతుంది. స్కానర్ చేరేదాకా ఐఫోన్‌లో హాట్‌స్పాట్ పేజీని మూసేయకుండా తెరిచే ఉంచాలి. తానే హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌లో స్కానింగ్ యాప్ స్కానర్‌ను కనుక్కోకపోతే, ఇంకొకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి స్కానర్‌నూ మీ ఫోన్‌నూ అందులో చేర్చి చూడండి.

దొరికాక మధ్యలో తెగితే

పేరు కనబడి, స్కాన్ మొదలై, రెండవ పేజీలో ఆగిపోతే అది పాస్‌వర్డ్ సమస్య కాదు, సిగ్నల్ సమస్య. పాత ఇళ్ల మందపాటి డంగుసున్నం గోడలు, దుకాణపు ఇనుప షట్టరు, స్కానర్ వెనుక నిలబెట్టిన ఇనుప బీరువా, ఇవన్నీ సిగ్నల్‌ను మింగుతాయి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు కూడా 2.4 గిగాహెర్ట్జ్ దెబ్బతింటుంది. ఫోన్, స్కానర్, రూటర్ మూడింటినీ ఒకే గదిలోకి తెచ్చి చూస్తే విషయం తేలిపోతుంది.

పంపే బరువు కూడా చూడాలి. ఒక ఏ4 పేజీని రంగుల్లో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చదివితే 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవు వస్తాయి, కుదించకముందు అది సుమారు 26 మెగాబైట్లు. 600 డీపీఐ పెడితే నాలుగింతలు అవుతుంది. కుదించి పంపినా భారం బాగా పెరుగుతుంది. దస్తావేజులకు నా మటుకు 300 చాలు, చెరిగిపోయిన స్టాంపు ముద్ర చదవవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క పేజీకి మాత్రం 600 పెడతాను. స్కానర్ బ్యాటరీ అడుగంటినప్పుడు కూడా మధ్యలో తెగడం చూశాను. చార్జింగ్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఉంటే ఆపి, స్కాన్ ముగిసేదాకా యాప్‌ను తెర మీదే ఉంచండి, మధ్యలో కాల్ వచ్చినా వేరే యాప్‌లోకి మారవద్దు.

ఫ్యాక్టరీ రీసెట్ ఎప్పుడు

అందరూ మొదట చేసే పని ఇది, నా లెక్కలో చివరన చేయవలసినది. రీసెట్ చేస్తే స్కానర్‌లో ఉన్న నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, మీరు మార్చి పెట్టుకున్న డైరెక్ట్ మోడ్ పాస్‌వర్డ్ అన్నీ పోయి చీటీ మీది పాత పాస్‌వర్డే మళ్లీ వస్తుంది. ఆ చీటీ ఎవరికైనా కనబడేదే కనుక, జనం ఆధార్ కార్డులు స్కాన్ చేసే యంత్రానికి దాన్నే ఉంచడం మంచిది కాదు. నేను ఒకసారి ఓపిక నశించి రీసెట్ చేశాను. తీరా చూస్తే తప్పు ఫోన్‌లోని వీపీఎన్‌ది, రీసెట్ తరువాత కూడా అది అక్కడే ఉంది, పైగా స్కానర్‌ను మొదటి నుంచి కలపవలసి వచ్చింది. రీసెట్ చేసేముందు ఇంకొకరి ఫోన్‌తో ఒకసారి ప్రయత్నించండి. ఆ ఫోన్‌కు స్కానర్ దొరికితే రీసెట్ అవసరం లేదు. రెండు ఫోన్లకూ దొరకక, రూటర్ జాబితాలో స్కానర్ కనబడక, డైరెక్ట్ మోడ్‌లో కూడా దాని నెట్‌వర్క్ పేరు రాకపోతేనే రీసెట్ చేయాలి. రీసెట్ తరువాత కూడా ఆ పేరు రాకపోతే లోపం వైఫై భాగంలోనే ఉంది, సర్వీస్ సెంటర్‌కు పంపాలి. అంతవరకు యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి పని నడుపుకోవచ్చు.